బంటీకి పుత్తూరు కట్టు

గోడకు అవతల కుక్క నడస్తా ఉంటే, ఈవల తిన్నె మింద పడుకోని, కండ్లు మూసుకోని, దానికి యా కాలు నొప్పో చెప్పేస్తాను నేను. గొప్పకు చెప్పేది కాదు. బడిలో ఐదో తరగతి దాటలేదు గానీ కాళ్ళ సదువు మాత్రం కడదాకా సదివినాను. ఒకసారి పాకాల జంక్షన్లో కాట్పాడి బండి ఆగుంటే, కిటికీలో నుంచి ఒక ఎద్దు నడక సూసి, "ఒరే, దాని గిట్టలో మొల దిగుండాది సూడండిరా" అని అరిచినాను. బండి కదిలే లోపల ఆ మొల పీకి నా చేతికిచ్చి దండం పెట్టినారు. ఆ మొల ఇప్పటికీ మా ఇంట్లోనే ఉండాది. గోడకు కొట్టి, నా సొక్కాయి దానికే తగిలిస్తా.

అట్లాంటి చెవులకు, ఈ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున పక్కింటి నుంచి ఒక సప్పుడు వచ్చింది. టక్ టక్ టక్, ఆ తరవాత ఒక సందు. మళ్ళా టక్ టక్ టక్, ఒక సందు. గుణశేఖర్ వాళ్ళ బంటీ. తెల్లటి బొచ్చుకుక్క, నడిచే దిండు మాదిరి ఉంటాది.

"గుణశేఖరా! మీ బంటీకి వెనక కుడికాలు నొప్పి, సూసుకోప్పా" అని గోడ మింద నుంచి అరిచినాను.

గుణశేఖర్ బయటికొచ్చి సూసినాడు. ముందర ఎడమకాలు.

సరే. ఉండేదే నాలుగు. అందులో ఒకటి కుంటుతా ఉండాదని చెప్పినానా లేదా?

గుణశేఖర్‌కు తిరుపతిలో పెయింట్ల అంగడి. మా వీధిలో అందరూ అతన్ని మంచోడంటారు, అందరికంటే ఎక్కువసార్లు అతనే అంటాడు. మనిషికి ఒక్కటే భయం, దిష్టి. గేటుకు బూడిద గుమ్మడికాయ, స్కూటర్‌కు నిమ్మకాయ, పెండ్లాం రూపశ్రీ కాలికి నల్లదారం, తన మణికట్టుకు నల్లదారం. ఆ దారానికి మినపగింజంత రాగిరేకు. అంగట్లోకి కొత్త కుర్చీ వస్తే దాని కాలికి కూడా ఒకటి కట్టినాడని పనోళ్ళు నవ్వుకుంటారు.

ఆ పొద్దున అతను బంటీ ముందర గొంతుక్కూర్చున్నాడు. కాలు పట్టుకోబోతే అది వెనక్కి లాక్కొని మూలిగింది. మళ్ళా పట్టుకున్నాడు. అరికాలు తిప్పి సూసినాడు, ముల్లు లేదు. ఇంతలో జేబులో ఫోన్ మోగింది. ఎవరికో ఎనామిల్ పెయింట్ కావాల. "పంపిస్తా అన్నా, పంపిస్తా" అంటా లేసినాడు. అంతే, ఆ కాలును సూసేది అయిపోయింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకోని గేట్లో నుంచి బయటికి సూసినాడు. గేటు పక్కన మునెమ్మ ఇడ్లీ బండి ఉండాది.

మునెమ్మ ఆ బండి పెట్టేది గుణశేఖర్ వాళ్ళ కాంపౌండు గోడ నీడలో. అతని ఇంటికి మేడ లేనప్పటి నుంచి అక్కడే. పొద్దున్నే వచ్చి చక్రాలకు రాళ్ళు అడ్డం పెడతాది. గుడ్డ తడిపి, నీళ్ళు పిండేసి, ఇడ్లీ పళ్ళాల మింద పరస్తాది. పిండి పోసేటప్పుడు మణికట్టు ఒక తిప్పు తిప్పుతాది సూడండి, గిన్నె అంచుకు ఒక్క సుక్క కూడా అంటదు. మొగుడు లేడు, ఆ మూల ఒక్కటే ఉండాది. ఆ మూల పోతే మళ్ళా కొత్త వీధి, కొత్త మొహాలు, మొదటి నుంచి మొదలుపెట్టాల. ఆ వయసులో అది ఎవురివల్లా కాదు.

ముందురోజు బంటీ ఆమె చట్నీ బక్కెట్లో మూతి పెట్టబోతే ఆమె గరిటె ఆడించి తరిమింది. మేడ మింద బట్టలు ఆరేస్తా రూపశ్రీ అది చూసింది. ఈ పొద్దున కుక్క కుంటింది. ఇంకేం కావాల?

"ఏం మునెమ్మా, నిన్న మా బంటీని గరిటెతో కొట్టినావంట?"

"కొట్టలేదు సామీ. పో పో అన్నా. అంతే."

"మరి ఎట్ల కుంటుతాది?"

"నాకేం తెలుసు సామీ? రోజూ నా కాళ్ళ కాడ పొర్లాడే బిడ్డ అది. ఈడికి తోలు, నేను సూస్తా. యాడన్నా గాజుపెంకు గుచ్చుకోనుంటాది."

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంటా గేటు దగ్గరికి వచ్చింది. బంటీ కుంటుకుంటా ఆమె దగ్గరికే పోయి, ఆ నొప్పికాలే ఎత్తి సూపించింది. నేను గోడ మింద నుంచి చూస్తా ఉన్నా, కండ్లు తెరుచుకోనే.

"ముట్టుకోవద్దు!" అని మేడ మింద నుంచి రూపశ్రీ కేక వేసింది. "ఆమె కన్నే మంచిది కాదు. ఆ మధ్య ‘వెన్నముద్ద మాదిరి ఉండాడు మీ బంటీ’ అనింది. ఆ మాటన్న మూడో పూటకే అది అన్నం మానేసింది. అప్పుడే దిష్టికి చేయాల్సినవన్నీ నేను చేసినాను, లేకుంటే సచ్చిపోయేది."

మునెమ్మ వంచిన నడుము అట్లే నిలిపి, నెమ్మదిగా లేసి, బండి దగ్గరికి పోయింది. ఆవిరి బాగా పట్టేసినట్టుంది, ఆ వాయి ఇడ్లీలు గుడ్డకు అంటుకున్నాయి.

మధ్యాన్నానికి మా వీధి వాట్సాప్ గ్రూపులో గుణశేఖర్ గొంతు వినపడింది. "నోరు లేని జీవాన్ని గరిటెతో కొట్టి కాలు విరగ్గొట్టినారు. పేరు నేను చెప్పను. గోడ పక్కన బండి ఉండాది, అంతే చెప్తా." దాని కింద ఏడ్చే బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు. ఆ వీధిలో బుడ్డ పిల్లోళ్ళు జ్వరంతో పడితే కూడా అన్ని బొమ్మలు నేను చూడలేదు. మర్నాడు మునెమ్మ సగం ఇడ్లీలు మూత కిందే సల్లారిపోయినాయి.

ఇంక కట్టు సంగతి. ఈడే ఉండాది అసలు కంపు.

విరిగిన ఎముకలకు కట్టు కట్టేదానికి పేరుపోయిన ఊరు పుత్తూరు. గుణశేఖర్ పుట్టింది దాని పక్క పల్లెలో. మూడో తరగతిలోనే తిరుపతికి వచ్చేసినాడు. అయినా ఎవరి చెయ్యన్నా బెణికిందంటే సాలు, "నాది పుత్తూరప్పా, కట్టు మా నీళ్ళల్లోనే ఉండాది" అంటాడు. మా ప్రాంతంలో ఇది ఒక్కడికి ఉండే జబ్బు కాదు. పుత్తూరు బస్టాండులో ఒకసారి టీ తాగినోడు కూడా ఎముకల మింద మాట్లాడతాడు. నేను కూడా మాట్లాడినాను. నేను టీ కూడా తాగలేదు, బస్సు ఆగలేదు.

ముందు అతను పుత్తూరులో కట్టు కట్టే ఒకాయనకు ఫోన్ చేసినాడు. ఆయన, "విరిగిందా లేదా చేత్తో సూడకుండా ఎట్ల చెప్పేది నాయనా? కుక్కయితే పశువుల ఆస్పత్రికి తీసకపో" అని పెట్టేసినాడు.

"రహస్యం చెప్పడు మామా, వాళ్ళు చెప్పరు" అన్నాడు గుణశేఖర్ నాతో. "నాకు తెలుసు. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ. మా మేనమామకు కడతా ఉంటే పక్కనే ఉన్నా."

"యా ఆకు?"

"పచ్చటి ఆకు."

వాళ్ళ పెరట్లో ఉండే పచ్చటి ఆకు గోరింటాకు. రూపశ్రీ దాన్ని మిక్సీలో వేసింది. పాత వెదురు తట్ట విరిచి బద్దలు తీసినాడు. పంచె చించినాడు. కుక్క మూతి పట్టుకునే పని నాకిచ్చినారు. గుణశేఖర్ పాదానికి కొంచెం పైన, బొచ్చు మిందనే, వేలితో నొక్కినాడు. బంటీ నా చేతుల్లో నుంచి ఇంత ఎత్తు ఎగిరి అరిచింది.

"సూసినావా మామా? ఆడే విరిగింది. విరిగింది గాబట్టే అరిచింది."

బొచ్చు పక్కకు తియ్యలేదు. కింద ఏముందో చూడలేదు. ముద్ద ముద్దగా గోరింటాకు పూసి, దాని మింద రెండు గుడ్ల తెల్లసొన పోసి, నాలుగు బద్దలు పెట్టి, చుట్టూ గుడ్డ బిగించి చుట్టినాడు. చుట్టుకు ఒకసారి "ఊఁ" అంటాడు, అదేదో మంత్రం మాదిరి. చివరికి ముడి వేసి, రెండడుగులు వెనక్కి పోయి, ఇంటికి కొత్త రంగు వేయించినోడి మాదిరి తల వాల్చి చూసుకున్నాడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టినాడు. ఆ సాయంత్రం తన మోకాలి నొప్పి మాత్ర ఒకటి క్రీమ్ బన్నులో పెట్టి దానికి మింగించినాడు. బంటీ ఆ బన్ను, పొద్దుటి అన్నం, పచ్చటి పైత్యం అంతా హాల్లో గచ్చు మింద కక్కి, దాంట్లోనే పడుకునింది. రూపశ్రీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని తుడిచింది.

తిరుపతి ఎండలో పచ్చిగుడ్డు ఎట్ల ఉంటాదో మీకు తెలుసు గదా. రెండో రోజుకే గోడ దాటింది. మొదట కోడిగూడు వాసన. ఆ తరవాత సచ్చిన ఎలుక. ఆ తరవాత దానికి పేరు లేదు. గోరింటాకు ఊరి కట్టంతా ఎర్రగా, నల్లగా తయారయింది. తెల్ల బొచ్చు తుప్పు రంగుకు తిరిగింది. కట్టు అంచున నల్లటి పూసలు గుచ్చినట్టు ఈగలు. బంటీ రాత్రీ పగలు ఆ గుడ్డను నాకుతా ఉంటే, రూపశ్రీ దాని మూతికి స్కార్ఫ్ కట్టింది. అది తిండి మానేసింది. కండ్లల్లో పుసి కారతా ఉండాది. ఎవరన్నా పలకరిస్తే తోక ఒక్కసారి గచ్చుకు కొట్టి ఊరుకుంటాది.

"కట్టు పని చేస్తా ఉండాది మామా. సెడునీరంతా బయటికి లాగుతాది. అందుకే ఆ వాసన" అన్నాడు గుణశేఖర్.

కానీ ఇంటికొచ్చిన సుట్టాలు ముక్కులు మూసుకుంటా ఉంటే ఆ మాట చెప్పలేడు గదా. వాళ్ళతో ఏమన్నాడో నేను ఈ చెవులతో విన్నాను. "ఆ ఇడ్లీ బండామె ఉండాది సూడండి, పిండి కడిగిన నీళ్ళు కాలవలో పోస్తాది. ఒకటే కంపు. వాడలో మనుషులు బతకాల్నా వద్దా?"

మునెమ్మ నీళ్ళన్నీ రెండు డబ్బాల్లో పట్టుకోని మున్సిపాలిటీ కాలవ దాకా మోసుకపోయి పోస్తాది. వీధంతా చూస్తా ఉండాది ఆ సంగతి. చూసిన వీధే ముక్కు మూసుకోని, "అవునవును, ఆమెదే" అనింది. అట్ల ఊఁ అన్న నోళ్ళే ఆమె ఇడ్లీ తినకుంటే పొద్దు తెల్లారని నోళ్ళు. థూ! ఎవరి మింద ఉమ్మాలో తెలీక తిన్నె కిందికి ఉమ్మినాను.

శుక్రవారం గుణశేఖర్ గేటు బయటికొచ్చి, చేతులు కట్టుకోని నిలబడినాడు.

"మునెమ్మా, ఇంక ఈడ బండి వద్దు. కంపు తట్టుకోలేక పోతాండాం."

"కంపు నాది కాదు సామీ."

"మరి నాదా?"

ఆమె గేటు సందులో నుంచి లోపలికి, కట్టు కాలు సాపుకోని పడుకున్న బంటీ వైపు చూసింది. ముక్కు కొంచెం ఎగరేసి, మళ్ళా దించుకునింది. "పాపం, కట్టు ఒకసారి ఇప్పి సూడు సామీ" అనింది.

"నువ్వు విరగ్గొట్టి, నువ్వే చెప్తావా?"

మునెమ్మ వాయి దించింది. మిగిలిన పిండి గిన్నెకు మూత పెట్టి గుడ్డ కట్టింది. చక్రాల కింద రాళ్ళు తీసింది. పోబోయి ఆగి, పొయ్యి పొగకు నల్లబడిన గోడను బూడిదతో, కొబ్బరిపీచుతో రుద్దింది. అందినంత ఎత్తు రుద్దింది. నీళ్ళు కొట్టింది. ఆ తరవాత బండి తోసుకుంటా రైలు గేటు అవతలికి పోయింది. ఒక చక్రం కిర్రుమంటా ఉండాది. వీధి మలుపు దాకా వినపడింది నాకు.

బండి పోయింది. కంపు పోలేదు.

ఆదివారానికి ఇంకా పెరిగింది. నేను తిన్నె మింద కూర్చోలేక లోపల తలుపేసుకున్నా. ఇంక నెపం వేసేదానికి బయట ఎవరూ లేరు. గుణశేఖర్ గోడ దగ్గరికొచ్చి వాసన చూసినాడు, కాలవ మూత ఎత్తి చూసినాడు, కొళాయి కింద చూసినాడు. రూపశ్రీ మాత్రం వాకిట్లో నిలబడి మొగుడి మొహం చూస్తా ఉండాది. ఇంతలో బంటీ లేసి రెండడుగులు వేసింది. దాని కట్టులో నుంచి తెల్లటి గచ్చు మింద అన్నం మెతుకు మాదిరి ఒకటి రాలింది. ఆ మెతుకు నడిచింది.

రూపశ్రీ అట్లే వాకిట్లో వాంతి చేసుకునింది.

ఆటోలో బంటీని నా ఒళ్ళో పెట్టినారు, గుణశేఖర్ సొక్కాయి తెల్లది గదా. ఆటో అతను తల బయట పెట్టి నడిపినాడు. సెలవురోజైనా తెరిచుండే ఒక చిన్న కుక్కల ఆస్పత్రి. స్టెల్లా అని ఒక డాక్టరమ్మ. పొడుగు మనిషి, మాటలు తక్కువ. చేతులకు తొడుగులు వేసుకోని, కత్తెరతో కట్టును కింద నుంచి పైకి కత్తిరించింది. గుడ్డ, బద్దలు, గోరింటాకు, గుడ్డు అంతా ఒకే అచ్చు మాదిరి గట్టిపడి, సెప్పు ఊడినట్టు ఊడొచ్చింది. దాని లోపల నేను చూసింది మీకు చెప్పను. అన్నం తినే వాళ్ళు ఉంటారు.

ఆమె పురుగులను ఒకటొకటే సన్న పట్టకారుతో తీసి పళ్ళెంలో వేసింది. ఏదో మందు పోసి కడిగింది. బొచ్చు గొరిగింది. అప్పుడు పాదానికి కొంచెం పైన కాలి చుట్టూ ఒక గాడి కనిపించింది, కత్తితో కోసినట్టు. గాడి లోపల, మాంసంలో, ఏదో నల్లగా ఉండాది. ఆమె సన్న కత్తెర దాని కిందికి దూర్చి, టక్కున కత్తిరించి, నెమ్మదిగా లాగింది. చీములో నుంచి జానెడు దారం వచ్చింది. చివరన మినపగింజంత రాగిరేకు.

"ఎముక బాగానే ఉంది" అనిందామె. "ఈ దారం ఎవరు కట్టారు?"

గుణశేఖర్ నా వైపు చూసినాడు. నేను గోడ మింద కాలెండరు చూసినాను.

"తెలీదు మేడం. వీధిలో ఎవరో... మా గోడ పక్కన ఇడ్లీ బండామె ఒకామె ఉండేది..."

డాక్టరమ్మ దారాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకునింది. రాగిరేకు తళుక్కుమనింది. ఆ తరవాత ఆమె చూపు నెమ్మదిగా కిందికి, బల్ల అంచు పట్టుకోనుండే గుణశేఖర్ చేతి మిందికి దిగింది. అతని మణికట్టు మింద అదే దారం, అదే రేకు. అతను చొక్కా చెయ్యి వేళ్ళ దాకా దించుకున్నాడు.

ఆమె దారాన్ని పురుగుల పళ్ళెంలోనే వేసింది.

"కుక్క కుంటితే ముందు కూర్చోబెట్టి చూడాలండీ" అనింది చేతులు కడుక్కుంటా. "పాదం, వేళ్ళ సందులు, గోళ్ళు, బొచ్చు పక్కకు తీసి చర్మం. పక్క కాలితో పోల్చి వాపు చూడాలి. చూడకుండా ఏదీ కట్టకూడదు. మనుషుల మాత్రలు వేయకూడదు, ప్రాణం పోతుంది. కాలు కింద పెట్టకపోతే ఆ రోజే తీసుకురావాలి. ఇంకొంచెం ఆగి ఉంటే కాలు తీసేయాల్సి వచ్చేది."

గుణశేఖర్ అన్నిటికీ తల ఊపినాడు. ఇంటికొచ్చి, అదే సాయంత్రం గ్రూపులో పెట్టినాడు: "పుత్తూరు కట్టు మహిమ. ఎముక అతుక్కునింది. బంటీ కోలుకుంటా ఉండాడు." మళ్ళా చేతులు జోడించిన బొమ్మలు.

నాకు ఆటోలో అంటిన కంపు సబ్బుతో పోయింది గానీ ఈ మాట కంపు పోలేదు. వీధిలో ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పినాను. దారం సంగతి, రేకు సంగతి, మణికట్టు సంగతి. విన్నారు. నవ్వినారు. "పాకాల ఎద్దు మొల మాదిరేనా మామా?" అన్నారు. "అయితే ఆ దారం కూడా మీ ఇంట్లోనే ఉండాదా?" అని ఇంకొకడు.

ఆ పొద్దు నేను నోరు మూసుకోని ఇంటికొచ్చినాను. నా కాలంలో అది మొదటిసారి.

పోయిన వారం బంటీ గాయం మానింది. గుణశేఖర్ ఒక పొద్దున స్కూటర్ మింద రైలు గేటు అవతలికి పోయినాడు. మునెమ్మ బండి ఆడ ఒక పంచరు అంగడి పక్కన ఉండాది, ఎండలో. అతను నిలబడి ఒక ప్లేటు ఇడ్లీ అడిగినాడు. మొహం ఎత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కోని, "అక్కా, దారం మాదే. కంపు కూడా మాదే. గోడ కాడికి వచ్చేయక్కా" అన్నాడు. ఆమె పిండి పోసింది. గిన్నె అంచుకు ఒక సుక్క అంటింది.

బాగుండాది గదా? బాగుంటాది, నేను అల్లింది గదా. అతను పోయింది నిజం, నేను రైలు గేటు కాడే ఉన్నా. ఇడ్లీ తిన్నది నిజం. "చట్నీలో ఉప్పు తక్కువైంది మునెమ్మా" అని చెప్పి వచ్చేసినాడు, అదీ నిజం. తన అంగడి పెయింటుతోనే ఆమె రుద్దిన గోడకు తెల్లరంగు వేయించి, "ఈడ బండ్లు నిలపరాదు" అని రాయించినాడు. ఆ రాత కింద రోజూ పొద్దున్నే బంటీ పోయి కూర్చుంటాది. నాలుగు కాళ్ళ సప్పుడూ సమంగా వినపడతాది నాకు, యాడా సందు లేదు.

గోరింటాకు నిజం, పురుగులు నిజం, అతని చేతికీ కుక్క కాలికీ ఒకటే దారం నిజం. మొల మాత్రం గుణశేఖర్ అంగట్లో కొన్నది. ఇంకా ఆ "అక్కా" అని మొదలైన మాటలు, అవన్నీ అతని నోట్లో పెట్టింది నేనే.